పంతొమ్మిది స్థానాలు, ఒకటే రంగు: శ్రీకాకుళం, విజయనగరం ఫలితాల పటాన్ని ఎలా చదవాలి?

క్లుప్తంగా: 2009 నుంచి 2024 దాకా జరిగిన నాలుగు అసెంబ్లీ ఎన్నికల్లో ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పటం ప్రతిసారీ రంగు మార్చుకుంది. ఓట్లు మాత్రం ఆ స్థాయిలో తారుమారు కాలేదు. విజేతను మాత్రమే చూపే పటంలో మూడో పార్టీ కనిపించదు, పొత్తు ధర్మం కనిపించదు, ఎంపీ ఓటుకూ ఎమ్మెల్యే ఓటుకూ మధ్య తేడా కనిపించదు. దీనికి తోడు జిల్లాల హద్దులు కూడా మారాయి. ఈ లోపాలు ఎక్కడ పుడుతున్నాయో, వాటిని కొంతవరకైనా సరిదిద్దే పద్ధతులేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2024 జూన్ 4 సాయంత్రానికి టీవీ తెరల మీద ఉత్తరాంధ్ర పటం దాదాపు పూర్తిగా పసుపు రంగులోకి వచ్చేసింది. బాహుదా ఒడ్డున ఉన్న ఇచ్ఛాపురం నుంచి అనంతగిరి కొండల అంచున ఉన్న శృంగవరపుకోట వరకు, పాత రెండు జిల్లాల్లోని 19 స్థానాలూ తెలుగుదేశం, జనసేన, భాజపా కూటమికే దక్కాయి. ఐదేళ్ల ముందు, 2019 మే 23న, అదే పటం అంతే ఏకపక్షంగా నీలం రంగులో కనిపించింది. అప్పట్లో ఇచ్ఛాపురం, టెక్కలి మాత్రమే పసుపు చుక్కల్లా మిగిలాయి. ఈ రెండు పటాలను పక్కపక్కన పెట్టి చూసినవారికి ఈ ప్రాంతమంతా ఒక్కసారిగా మనసు మార్చుకుందనే అనిపిస్తుంది. ఆ అభిప్రాయంలో కొంత నిజముంది, కొంత పటం గీసిన పద్ధతి వల్ల వచ్చిన భ్రమ ఉంది.

రంగు మారినంతగా ఓటు మారదు

భారతదేశంలో చట్టసభల ఎన్నికలకు అనుసరించే పద్ధతిలో మిగతావారి కంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలుపే. సగం ఓట్లు రావాలన్న నియమం లేదు. కాబట్టి విజేతల పటంలో 51 శాతంతో గెలిచిన స్థానానికీ 36 శాతంతో గెలిచిన స్థానానికీ ఒకే రంగు పడుతుంది.

రాష్ట్రస్థాయి అంకెలు ఈ విషయాన్ని చక్కగా చూపిస్తాయి. 2019లో తెలుగుదేశానికి వచ్చిన ఓట్లు 39.2 శాతం, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చిన ఓట్లు 39.4 శాతం, సీట్లు 11. ఓడిన పార్టీ వెంట నిలిచినవారు రెండుసార్లూ ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు. అయినా ఉత్తరాంధ్రలోని ఈ 19 స్థానాల్లో ఆ నలుగురికి 2019లో రెండు గడులు మిగిలితే, 2024లో ఒక్కటీ మిగలలేదు.

శ్రీకాకుళం అసెంబ్లీ స్థానాన్నే తీసుకుంటే, 2019లో అక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ ఆధిక్యం ఆరు వేల ఓట్లు కూడా దాటలేదు. 2024లో తెలుగుదేశం ఆధిక్యం 50 వేలు దాటింది. మొదటిది చివరి రౌండు దాకా ఊపిరి బిగబట్టించిన పోటీ, రెండోది ఏకపక్షం. రెండు పటాల్లోనూ మాత్రం ఆ నియోజకవర్గం సమానమైన చిక్కదనంతోనే నిండి ఉంటుంది. ఈ తేడాను చూపడానికి ఉన్న సులువైన మార్గం రంగు చిక్కదనాన్ని ఆధిక్యంతో ముడిపెట్టడం. తక్కువ తేడా ఉన్నచోట లేత ఛాయ, పెద్ద తేడా ఉన్నచోట ముదురు ఛాయ. కొన్ని పత్రికలు ఈ పని చేస్తున్నాయి. టీవీ పటాల్లో మాత్రం ఇది అరుదు.

ఇక్కడ భాష కూడా కొంత ఇబ్బంది పెడుతుంది. తెలుగు పత్రికల్లో ‘మెజారిటీ’ అంటే గెలిచిన అభ్యర్థికీ రెండో స్థానంలోని అభ్యర్థికీ మధ్య ఉన్న ఓట్ల తేడా. అదే మాట అసెంబ్లీ విషయంలో సగానికి మించిన బలం అనే అర్థంలో వస్తుంది. ‘భారీ మెజారిటీతో గెలిచారు’ అని చదివినప్పుడు ఆ అభ్యర్థికి సగానికి పైగా ఓట్లు వచ్చాయని అనుకోవడం సహజం. ముఖాముఖి పోటీలో అది నిజమయ్యే అవకాశం ఎక్కువ, త్రిముఖ పోటీలో తక్కువ. అందుకే ఈ వ్యాసంలో ఆ తేడాను ఆధిక్యం అంటున్నాం.

మూడో పార్టీ ఎక్కడికి పోయింది?

బహుళ పార్టీల వ్యవస్థలో విజేతల పటం చేసే పెద్ద నష్టం ఇదే. 2009 ఎన్నికల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు సుమారు 37 శాతం, తెలుగుదేశానికి 28 శాతం, ప్రజారాజ్యానికి 16 శాతం ఓట్లు వచ్చాయి. ఈ 19 స్థానాల్లో కాంగ్రెస్ 16, తెలుగుదేశం 3 గెలిచాయి. ప్రజారాజ్యం ఒక్కటీ గెలవలేదు. ఆ ఏడాది పటాన్ని మాత్రమే చూసిన విద్యార్థికి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో అలాంటి పార్టీ ఒకటి పోటీ చేసిందన్న సంగతే తెలియదు. కాంగ్రెస్‌కు ఇక్కడ అన్ని స్థానాలు ఎందుకు వచ్చాయన్న ప్రశ్నకు జవాబులో ఆ కనిపించని పార్టీ వాటా చాలా ఉంది. ప్రభుత్వ వ్యతిరేక ఓటు రెండుగా చీలితే, రాష్ట్రంలో 37 శాతమే ఉన్న పార్టీ కూడా ఒక ప్రాంతాన్ని దాదాపు ఊడ్చేయగలదు.

రంగంలో నిజంగా ఎన్ని పార్టీలు ఉన్నాయో కొలవడానికి రాజనీతి శాస్త్రంలో ఒక సూత్రం ఉంది. 1979లో మార్కు లాక్సో, రెయిన్ తాగెపెరా ప్రతిపాదించారు. ప్రతి పార్టీ ఓట్ల వాటాను దానితోనే గుణించి, వచ్చిన వాటన్నిటినీ కూడి, ఒకటిని ఆ మొత్తంతో భాగించాలి. రెండు పార్టీలు చెరి సగం పంచుకుంటే జవాబు 2. నాలుగు పార్టీలు సమానంగా పంచుకుంటే 4. పేరుకు పోటీ చేసే చిన్న పార్టీలు ఈ లెక్కలో వాటంతట అవే తేలిపోతాయి.

ఈ లెక్క ప్రకారం 2009 రాష్ట్ర ఫలితాల్లో సంఖ్య నాలుగు దాటుతుంది. 2019లో రెండున్నరకు కాస్త తక్కువ. 2024లో పార్టీలను విడివిడిగా లెక్కిస్తే 2.7, కూటమిని ఒకే పార్టీగా లెక్కిస్తే 2.2. అంటే 2009 నాటి చతుర్ముఖ రంగం పదిహేనేళ్లలో దాదాపు ముఖాముఖిగా మారింది. 2009 పటాన్ని, 2024 పటాన్ని ఒకే పద్ధతిలో రంగులు వేసి పోల్చడం సరికాదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

దీనికి పటం గీసేవారి దగ్గర ఉన్న మందు చాలా సాదాది. ఒకే పెద్ద పటానికి బదులు ఒక్కో పార్టీకి ఒక్కో చిన్న పటం గీసి, ఆ పార్టీ ఓట్ల శాతాన్ని ఛాయల్లో చూపాలి. మూడు రంగులను త్రికోణంలో కలిపి ఒకే పటంలో మూడు పార్టీల బలాన్ని చూపే పద్ధతి కూడా ఉంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ, ఊదా రంగుకూ గోధుమ రంగుకూ తేడా చూసి ఏ పార్టీకి ఎంతో చెప్పగలిగే పాఠకులు ఎంతమంది? పత్రికకు అది పనికిరాదు.

పొత్తుకు ఏ రంగు?

2024లో ఈ 19 స్థానాల్లో తెలుగుదేశం 16, జనసేన 2, భాజపా 1 గెలిచాయి. నెల్లిమర్ల, పాలకొండ గాజు గ్లాసువి. ఎచ్చెర్ల కమలానిది. పార్టీవారీగా రంగులు వేస్తే ఎచ్చెర్ల ఒంటరి కాషాయ ద్వీపంలా కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో భాజపా సొంత బలం అక్కడే పోగుపడిందేమో అనిపిస్తుంది. నిజానికి అది పొత్తులో ఆ పార్టీకి కేటాయించిన సీటు. కూటమి అంతటికీ ఒకే రంగు వేస్తే ఈ అపోహ తొలగుతుంది కానీ, సభలో ఎవరి బలం ఎంతో తెలియదు. కూటమికి ఒకే రంగు వేసి, పార్టీని గుర్తుతోనో గీతలతోనో చూపడం మధ్యేమార్గం.

జనసేన అంకెలు ఈ చిక్కును ఇంకా స్పష్టం చేస్తాయి. 2019లో ఆ పార్టీ రాష్ట్రమంతటా విస్తృతంగా పోటీ చేసింది. 5.5 శాతం ఓట్లతో ఒక్క సీటు గెలిచింది. 2024లో 21 చోట్ల మాత్రమే పోటీ చేసి, 6.85 శాతం ఓట్లతో 21 సీట్లూ గెలిచింది. మొదటి అంకె చాలావరకు ఆ పార్టీ సొంత ఓటు. రెండో దానిలో ఆ 21 చోట్ల తెలుగుదేశం, భాజపా ఓట్లు కలిసి ఉన్నాయి. మిగతా 154 చోట్ల జనసేన ఓట్లు మిత్రుల ఖాతాలో పడ్డాయి. ఈ రెండు శాతాలను ఒకే గ్రాఫులో పెట్టి పార్టీ పెరిగిందనో తరిగిందనో తేల్చడం కుదరదు.

పొత్తు వల్లే రంగు మారిందా అన్న ప్రశ్నకు మాత్రం లెక్కలో కొంత జవాబు దొరుకుతుంది. 2019లో విడివిడిగా పోటీ చేసిన ఈ మూడు పార్టీల ఓట్లు కూడితే 45.5 శాతం. 2024లో కూటమికి వచ్చింది 55 శాతం పైన. అంటే చీలిన ఓట్లు ఒకచోట చేరడంతో తెలుగుదేశం 39 శాతం కాస్తా కూటమి 45 శాతంగా మారగా, ఆపైన మరో పది శాతం దాకా కొత్తగా కలిసింది. అదే సమయంలో వైఎస్సార్ కాంగ్రెస్ 49.95 నుంచి 39.4కు దిగింది. కూడిక ఒక్కటే అయితే రాష్ట్రంలో పోటీ నువ్వా నేనా అన్నట్టు ఉండేది. కూడికకు గాలి తోడైంది.

రంగుల ఎంపిక కూడా చిన్న విషయమేమీ కాదు. తెలుగుదేశం పసుపు, భాజపా కాషాయం పక్కపక్కన పడితే చిన్న ఫోను తెర మీద రెండూ కలిసిపోతాయి. జనసేనకు ఎరుపు వేస్తే వామపక్షాలకు ఏ రంగు మిగులుతుంది? పాత పటాల్లో కాంగ్రెస్‌కు వేసే లేత నీలం, వైఎస్సార్ కాంగ్రెస్ నీలం పక్కన చేరితే 2009, 2019 పటాలు అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. ఉత్తరాంధ్ర ఓటరు పదేళ్ల తర్వాత పాత గూటికే చేరాడన్న సందేశం, ఎవరూ ఉద్దేశించకుండానే, చూసేవారి మనసులో పడుతుంది.

ఎమ్మెల్యేకు ఒకటి, ఎంపీకి ఒకటి

2019లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానంలోని ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో ఐదింటిని వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. లోక్‌సభ స్థానం మాత్రం తెలుగుదేశం అభ్యర్థి కింజరాపు రామ్మోహన్ నాయుడికి 6,653 ఓట్ల ఆధిక్యంతో దక్కింది. తెలుగుదేశం గెలిచిన ఇచ్ఛాపురం, టెక్కలిలో ఆ పార్టీ ఆధిక్యం ఒక్కోచోట పది వేల లోపే. ఓడిన ఐదు చోట్ల తేడాలన్నీ కలిపితే అంతకంటే చాలా ఎక్కువ. కాబట్టి ఎమ్మెల్యేకు ఫ్యాను, ఎంపీకి సైకిలు నొక్కినవారు వేల సంఖ్యలో ఉన్నారని తేలుతుంది. స్థానికంగా దీన్నే క్రాస్ ఓటింగ్ అంటారు. అసెంబ్లీ పటంలో దీని జాడ ఉండదు.

ఐదేళ్ల తర్వాత కొండల వైపు దీనికి అద్దంలో బొమ్మ లాంటి ఫలితం వచ్చింది. అరకు లోక్‌సభ స్థానంలోని ఏడు సెగ్మెంట్లలో పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, రంపచోడవరం కూటమి గెలిచింది. అరకులోయ, పాడేరు వైఎస్సార్ కాంగ్రెస్ నిలుపుకుంది. ఐదుకు రెండు. అయినా ఎంపీ స్థానం వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి గుమ్మా తనూజారాణిదే అయింది. అక్కడ కూటమి తరఫున నిలిచింది భాజపా అభ్యర్థి. సీపీఎం అభ్యర్థికి లక్షకు పైగా ఓట్లు వచ్చాయి. నోటా బటన్ నొక్కినవారు దాదాపు 50 వేలు ఉంటే, గెలుపు ఆధిక్యం కూడా ఇంచుమించు అంతే.

పొత్తులో ఓట్ల బదిలీ అన్ని దిక్కులా ఒకేలా జరగదనడానికి అరకు మంచి ఉదాహరణ. గిరిజన ప్రాంతాల్లో సైకిలుకు వేసే చేయి కమలానికి అంతే సులువుగా వేయకపోవచ్చు. కూటమి మొత్తాన్ని ఒక్క రంగులో ముంచేసిన పటం ఈ ప్రశ్నను అడగనివ్వదు.

జిల్లా ఒకటి, నియోజకవర్గం ఒకటి

పాఠకులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. 2019లో శ్రీకాకుళం జిల్లాలో గెలిచిన పక్షానికి 8 స్థానాలు. 2024లో గెలిచిన పక్షానికీ 8 స్థానాలే. కానీ మొదటిది పదికి ఎనిమిది, రెండోది ఎనిమిదికి ఎనిమిది. మధ్యలో, 2022 ఏప్రిల్ 4న, జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. రాజాం విజయనగరం జిల్లాకు, పాలకొండ కొత్త పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. విజయనగరం నుంచి కురుపాం, పార్వతీపురం, సాలూరు మన్యంలో చేరాయి. ఇప్పటి హద్దుల్లో 2019 ఫలితాన్ని తిరిగి లెక్కిస్తే శ్రీకాకుళంలో వైఎస్సార్ కాంగ్రెస్ 6, తెలుగుదేశం 2. విజయనగరంలోని ఏడూ వైఎస్సార్ కాంగ్రెస్‌వే.

పార్లమెంటు నియోజకవర్గాల హద్దులు దీనితోనూ పొసగవు. ఎచ్చెర్ల శ్రీకాకుళం జిల్లాలో ఉంది, ఎంపీ విజయనగరం. శృంగవరపుకోట విజయనగరం జిల్లాలో ఉంది, ఎంపీ విశాఖపట్నం. సాలూరు నియోజకవర్గం మన్యం జిల్లాదే అయినా, అందులోని మెంటాడ మండలం విజయనగరం జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లావారీ పటం, పార్లమెంటువారీ పటం, అసెంబ్లీ పటం అనే మూడు వలలను ఒకదాని మీద ఒకటి పరిస్తే కన్నాలు ఎక్కడా కలవవు.

ఇంకా వెనక్కి వెళితే మరో కోత కనిపిస్తుంది. 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజనలో సోంపేట, హరిశ్చంద్రాపురం, ఉణుకూరు, సతివాడ, భోగాపురం, తెర్లాం, నాగూరు వంటి స్థానాలు మాయమయ్యాయి. పలాస, రాజాం, నెల్లిమర్ల, కురుపాం కొత్తగా వచ్చాయి. ఎస్సీ స్థానంగా ఉన్న ఎచ్చెర్ల జనరల్ అయింది. పాలకొండ ఎస్సీ నుంచి ఎస్టీకి మారింది. బొబ్బిలి, పార్వతీపురం పేర్లతో ఉన్న లోక్‌సభ స్థానాలు చరిత్రలో కలిశాయి. కాబట్టి ‘1983 నుంచి ఈ నియోజకవర్గం ఫలానా పార్టీ కంచుకోట’ అనే వాక్యం కనిపించినప్పుడు, 1983లో ఆ నియోజకవర్గం అసలు ఉందా, ఉంటే ఇవే ఊళ్లతో ఉందా అని ముందుగా చూసుకోవాలి.

ఇది ఇక్కడితో ఆగేది కూడా కాదు. 2026 తర్వాత జరిగే తొలి జనగణన ఆధారంగా మళ్లీ పునర్విభజనకు రాజ్యాంగం వీలు కల్పిస్తోంది. ఆ జనగణన 2027లో జరగాల్సి ఉంది. రాష్ట్ర విభజన చట్టంలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ స్థానాలను 175 నుంచి 225కు పెంచే నిబంధన ఉంది. అది అమలైతే ఈ 19 గడుల సంఖ్యా మారుతుంది, ఆకారాలూ మారతాయి. పాత ఫలితాలతో పోల్చాలంటే బూతు స్థాయి లెక్కల నుంచి మళ్లీ కూడుకుంటూ రావడం తప్ప మరో దారి ఉండదు.

కొండంత గడి, పట్నమంత గడి

కురుపాం నియోజకవర్గంలో ఐదు మండలాలున్నాయి. విజయనగరం నియోజకవర్గం మొత్తం ఒక్క మండలమే. పటం మీద కురుపాం కొండలూ అడవులతో విశాలంగా పరుచుకుంటే, విజయనగరం దాని పక్కన చిన్న మచ్చలా ఉంటుంది. ఓటర్ల సంఖ్యలో మాత్రం విజయనగరమే ముందు. సభలో రెండింటికీ చెరో కుర్చీ. విస్తీర్ణాన్ని బట్టి రంగు పరిచే పటం అడవికి ఓటు హక్కు ఇచ్చినట్టు కనిపిస్తుంది.

దీనికి విరుగుడుగా ప్రతి స్థానానికీ సమానమైన గడి ఇచ్చే కార్టోగ్రామ్‌లు వాడుతున్నారు. గళ్ల నోటుపుస్తకంలో 19 గళ్లు నింపినట్టే. లెక్క సరిపోతుంది, భూగోళం చెడిపోతుంది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సాగే తీరరేఖ, వంశధార, నాగావళి లోయలు, ఒడిశా సరిహద్దు కొండలు అన్నీ అందులో చదునైపోతాయి. తీరానికీ కొండలకీ మధ్య ఓటింగు తేడా ఉందా అన్నది తెలుసుకోవాలంటే మళ్లీ అసలు పటం దగ్గరికే రావాలి. రెండూ పక్కపక్కన వేయడమే మేలు.

బూతు దాకా దిగితే

నియోజకవర్గం లోపలి సంగతి తెలియాలంటే ఫారం 20 చూడాలి. లెక్కింపు పూర్తయ్యాక రిటర్నింగ్ అధికారి తయారుచేసే పట్టిక ఇది. అడ్డంగా అభ్యర్థులు, నిలువుగా పోలింగ్ కేంద్రాల నంబర్లు, చివర నోటా, మొత్తం. చాలాసార్లు ఇది స్కాన్ చేసిన కాగితాల రూపంలోనే దొరుకుతుంది. ఆ అంకెలను మళ్లీ చేతితో ఎక్కించుకోవాలి. నంబరు ఉంటుంది కానీ ఆ బూతుకు చెందిన వీధుల హద్దు ఎక్కడా ఉండదు. ఊరి బడిలో పక్కపక్క గదుల్లో రెండు బూతులుంటే, పటం మీద రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

పట్టిక చివర ఒక విడి వరుసలో పోస్టల్ బ్యాలెట్లు ఉంటాయి. ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులు, సైన్యంలో ఉన్నవారు వేసే ఓట్లివి. ఇంటికొక జవాను అన్నట్టుండే ఊళ్లున్న ఈ జిల్లాల్లో ఆ వరుస చిన్నదేమీ కాదు. ఆ ఓట్లకు నియోజకవర్గం ఉంటుంది, ఊరు ఉండదు. బూతు పటంలో వాటికి చోటు లేదు.

బూతు పటానికి మరో ముఖం ఉంది. కాగితం బ్యాలెట్ల రోజుల్లో వేర్వేరు పెట్టెల ఓట్లను కలిపి లెక్కించే వీలుండేది. యంత్రాలు వచ్చాక ఏ బూతులో ఎవరికి ఎన్ని పడ్డాయో అందరికీ తెలిసిపోతోంది. వెయ్యి ఓట్ల ఊరిలో ఈ లెక్క దాదాపు ఊరి మనసు బయటపెట్టినట్టే. రోడ్డు, తాగునీటి పైపు మంజూరు దగ్గర ఆ జాబితా ఎవరికైనా గుర్తొస్తుందేమోనన్న భయం గ్రామాల్లో ఉంది. కొన్ని యంత్రాల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ వాడాలని లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సూచించింది. అది అమల్లోకి రాలేదు. పరిశోధకుడికి బంగారం లాంటి ఈ సమాచారం ఓటరుకు ఇబ్బంది కావచ్చన్న సంగతి, పటాలు గీసేవారు మరచిపోకూడనిది.

ఇలాంటి పటాల మీద కులాల లెక్కలు అతికించడం కూడా పరిపాటి. ఎస్సీ, ఎస్టీలు కాక మిగతా కులాలకు ఊరివారీగా ప్రచురించిన జనాభా లెక్కలు లేవు. పైగా ఒక బూతులో ఒక వర్గం ఎక్కువగా ఉండటం, అక్కడ ఒక పార్టీకి ఎక్కువ ఓట్లు రావడం, ఈ రెండింటినీ బట్టి ఆ వర్గమే ఆ ఓట్లు వేసిందని చెప్పడానికి వీల్లేదు.

ఒకే ఇంటికి మూడు రంగులు

సాలూరుకు పైన, ఒడిశా సరిహద్దు కొండల్లో కొటియా గ్రామాలున్నాయి. ఇవి మావంటే మావని రెండు రాష్ట్రాలూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. వివాదం ఇంకా తెగలేదు. అక్కడ చాలామంది చేతుల్లో రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ, ఒడిశాలోని కొరాపుట్ లోక్‌సభ స్థానానికీ ఒకే రోజు పోలింగ్ జరిగింది. కొటియా అటు పొట్టంగి అసెంబ్లీ స్థానంలోకి, ఇటు సాలూరు స్థానంలోకి వస్తుంది.

ఆ ఏడాది సాలూరులో తెలుగుదేశం గెలిచింది. అరకు లోక్‌సభ వైఎస్సార్ కాంగ్రెస్‌ది. పొట్టంగి అసెంబ్లీ, కొరాపుట్ లోక్‌సభ రెండూ కాంగ్రెస్‌వి. కాబట్టి కొటియాలోని ఒక్క ఇంటికి పసుపు, నీలం, కాంగ్రెస్ రంగు మూడూ వేయాలి. ఆంధ్రప్రదేశ్ పటం గీసేవారు ఆ కొండ కొసను ఇటు కలిపి గీస్తారు. ఒడిశా పటం గీసేవారు అదే కొసను అటు కలిపి గీస్తారు.